వాడిన వంటనూనె నుంచి బయోడీజిల్: ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?



ఈ పాఠాన్ని ప్రయోగశాలలో కాకుండా ఒక మిర్చి బజ్జీల బండి దగ్గర మొదలుపెడదాం. ఆ బండి మన రాష్ట్రాల్లో లేదు. గుజరాత్‌లో సూరత్ జిల్లాలో పల్సానా అనే తాలూకా కేంద్రం ఉంది. ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్లే జాతీయ రహదారి ఆ ప్రాంతం మీదుగానే పోతుంది. చుట్టూ చెరకు తోటలు, వాటి మధ్య బట్టలకు రంగులద్దే మిల్లులు, మరమగ్గాల షెడ్లు. సూరత్ మగ్గాల మీద పని కోసం కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లి దశాబ్దాల క్రితమే అక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపిందంటే అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరే ఊహించుకోవచ్చు.

ఆ మధ్య అటు వెళ్లినప్పుడు ఒక మిల్లు గేటు ఎదుట బజ్జీల బండి కనిపించింది. నడుపుతున్నావిడది సిరిసిల్ల వైపు. షిఫ్టు మారే వేళ కావడంతో జనం మూగి ఉన్నారు. రాత్రి బండి కట్టేసే సమయానికి కడాయిలో మిగిలిన నూనె నల్లగా, చిక్కగా, అంచుల వెంట నురగతో ఉంది. "దీన్నేం చేస్తారమ్మా?" అని అడిగాను.

"రేపు గిండ్లనే కొత్త నూనె కలుపుతం సార్. మరీ నల్లగైతె ఒగాయన డబ్బా తెచ్చుకొని కొనుక్కపోతడు. పారబోస్తె పైసలు పారబోసినట్టే గద!" అన్నారామె.

ఆ 'ఒగాయన' ఎవరు? ఆ నూనెను ఎక్కడికి తీసుకుపోతాడు? బయోడీజిల్ గురించి పాఠ్యపుస్తకాల్లో రసాయన సమీకరణం ఉంటుంది. ఈ ప్రశ్న మాత్రం ఉండదు. నన్నడిగితే సమీకరణం కంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం.

కడాయిలో ఏం జరుగుతుంది?

ముందు నూనె సంగతి చూద్దాం. వంటనూనె ఏదైనా, అది వేరుశెనగ కావచ్చు, గుజరాత్‌లో ఎక్కువగా వాడే పత్తిగింజల నూనె కావచ్చు, పామోలిన్ కావచ్చు, దానిలో ప్రధానంగా ఉండేవి ట్రైగ్లిజరైడ్లు. ఒక గ్లిజరాల్ అణువు వెన్నెముకలా ఉంటే, దానికి మూడు పొడవైన కొవ్వు ఆమ్ల గొలుసులు తగిలించి ఉంటాయి. మూడు పళ్ల దువ్వెనను ఊహించుకోండి.

బజ్జీ వేయగానే చుయ్‌మని చప్పుడు వస్తుంది కదా. అది పిండిలోని నీరు ఆవిరవుతున్న చప్పుడు. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆ నీటి ఆవిరి ట్రైగ్లిజరైడ్లను విరగ్గొడుతుంది. దువ్వెన పళ్లు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. దీన్నే జలవిశ్లేషణ అంటాం. ఊడిన పళ్లను స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు అంటాం. ఈ పదాన్ని గుర్తుపెట్టుకోండి, ముందుముందు మనల్ని బాగా ఇబ్బంది పెట్టేది ఇదే. మరోవైపు గాలిలోని ఆక్సిజన్ గొలుసుల్లోని ద్విబంధాల దగ్గర దాడి చేస్తుంది. ఇది ఆక్సీకరణం. వేడికి కొన్ని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవవుతాయి. నూనె చిక్కబడటానికి, చేతికి జిగటగా తగలడానికి ఈ పాలిమరీకరణమే కారణం.

ఈ చర్యల్లో పుట్టిన పదార్థాలను కలిపి మొత్తం ధ్రువ సమ్మేళనాలు అని కొలుస్తారు. నూనె ఎంత పాడైందో చెప్పే కొలబద్ద అది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం 2018 జులై 1 నుంచి ఈ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు. అలాంటి నూనెతో పదే పదే వండిన ఆహారానికీ రక్తపోటు, ధమనులు గట్టిపడటం, కాలేయ జబ్బులకూ సంబంధం ఉందని ఆ సంస్థ హెచ్చరించింది. వేడి నూనెలో ముంచి ఈ శాతాన్ని చూసే చేతి పరికరాలు బజారులో దొరుకుతాయి. బజ్జీల బండి మీద అలాంటిది మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

నేరుగా ఇంజన్లో పోస్తే?

ఏటా ఆగస్టు 10న ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం జరుపుతారు. 1893లో ఆ రోజున రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను వేరుశెనగ నూనెతో నడిపాడని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. ఆ రోజు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన నమూనా ఇంజన్ మొదటిసారి తనంతట తాను తిరిగింది, అంతే. వేరుశెనగ నూనె సంగతి 1900 నాటి పారిస్ ప్రదర్శనది. ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మేరకు ఓటో కంపెనీ వారు ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను ఆ నూనెతో నడిపి చూపారు. చూసినవారిలో చాలామందికి నూనె మారిందన్న సంగతే తెలియలేదని డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు.

మరి మనం నూనెను వడపోసి నేరుగా పోస్తే సరిపోదా? కొంతసేపు నడుస్తుంది. ఆ తర్వాత మొండికేస్తుంది. కారణం స్నిగ్ధత. 40 డిగ్రీల దగ్గర డీజిల్ స్నిగ్ధత 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. వంటనూనెది సుమారు 30 నుంచి 40. అంటే దాదాపు పదిరెట్లు చిక్కన. ఇంజెక్టర్ దాన్ని సన్నటి తుంపరగా చిమ్మలేదు. లావు బొట్లు సరిగా మండక మసి, జిగురు పేరుకుపోతాయి.

దువ్వెనను విరిచి మూడు పళ్లను విడివిడిగా చేస్తే? అదే ఉపాయం. మిథనాల్, దానితోపాటు ఉత్ప్రేరకంగా కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్ కానీ సోడియం హైడ్రాక్సైడ్ కానీ కలిపి 60 డిగ్రీల వద్ద గంటసేపు కలియబెడితే గ్లిజరాల్ విడిపోయి, ప్రతి కొవ్వు ఆమ్లమూ ఒక మిథనాల్‌తో జతకట్టి మిథైల్ ఎస్టర్ అవుతుంది. అదే బయోడీజిల్. ఈ చర్యను ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్ అంటారు. వేడిని 60 దగ్గరే ఎందుకు ఆపాలంటే మిథనాల్ 64.7 డిగ్రీల వద్ద మరిగిపోతుంది. ఈ మార్గం కొత్తది కాదు. బెల్జియంలో చవాన్ అనే శాస్త్రవేత్త పామాయిల్ ఎస్టర్లకు 1937లోనే పేటెంటు పొందాడు. ఆ ఇంధనంతో 1938 వేసవిలో బ్రస్సెల్స్, లూవెన్ పట్టణాల మధ్య బస్సు నడిచింది.

ద్రవ్యనిత్యత్వ నియమాన్ని ఇక్కడ సరిచూసుకోండి. ఒక ట్రైగ్లిజరైడ్ అణుభారం సుమారు 880. మూడు మిథనాల్ అణువులు 96. మొత్తం 976. కుడివైపు మూడు ఎస్టర్లు 884, గ్లిజరాల్ 92. మళ్లీ 976. అంటే వంద కిలోల మంచి నూనెకు దాదాపు 11 కిలోల మిథనాల్ ఖర్చయి, వంద కిలోల బయోడీజిల్, పది కిలోలకు పైగా గ్లిజరాల్ రావాలి. నిజానికి చర్య ముందుకు సాగడానికి మిథనాల్‌ను లెక్కకు రెట్టింపు పోసి, మిగిలినదాన్ని తర్వాత ఆవిరిచేసి తిరిగి పట్టుకుంటారు.

నేను సబ్బు చేసిన కథ

లెక్క ఇంత చక్కగా ఉంది కదా అని, చాలా ఏళ్ల క్రితం ఒక వసతి గృహం వంటగది నుంచి పూరీల నూనె తెప్పించి, పుస్తకంలో ఉన్న కొలతల ప్రకారం విద్యార్థుల ఎదుట ప్రయోగం చేశాను. మర్నాటికి పైన బంగారు రంగు ద్రవం, అడుగున గోధుమరంగు గ్లిజరాల్ రెండు పొరలుగా తేరుకుంటాయని గొప్పగా చెప్పాను. తెల్లవారి చూస్తే సీసా నిండా ముద్దలాంటి సబ్బు! పిల్లలు నవ్వారు. వెనక బెంచీ నుంచి ఒకడు, "సార్, దీంతో బట్టలు ఉతుక్కోవచ్చా?" అని అడిగాడు. తప్పు నూనెది కాదు, నాది. నూనెను పరీక్షించకుండానే క్షారం పోశాను.

స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఇబ్బంది పెడతాయని ఇందాక చెప్పింది ఇందుకే. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయి. కొవ్వు ఆమ్లపు లవణమే సబ్బు. అది ఉత్ప్రేరకాన్ని మింగేస్తుంది, పొరలు విడిపోకుండా అడ్డుపడుతుంది. నూనెలో నీరుంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

కాబట్టి వాడిన నూనెకు మొదటి పరీక్ష అంశమాపనం. ఇది మీ కళాశాల ప్రయోగశాలలో మీ అధ్యాపకుల సమక్షంలో చేయదగినదే. 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మిల్లీలీటరు నూనె కరిగించి రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేయండి. లీటరు నీటికి 1 గ్రాము చొప్పున సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదలండి. గులాబీ రంగు నిలబడినప్పుడు ఎంత పట్టిందో చూడండి. 3 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. అంటే ఆ నూనెలో ఆమ్లాన్ని చంపడానికే లీటరుకు 3 గ్రాముల క్షారం అదనంగా కావాలి. ఆమ్లాన్ని ఒలియిక్ ఆమ్లంగా లెక్కిస్తే ప్రతి మిల్లీలీటరుకు సుమారు 0.77 శాతం వస్తుంది. ఒలియిక్ ఆమ్లం అణుభారం 282, నూనె సాంద్రత 0.92 తీసుకుని ఈ అంకె ఎలా వచ్చిందో మీరే రాబట్టండి. మన నూనెలో ఆమ్లం 2.3 శాతమన్నమాట. ఒకటి రెండు శాతం దాటితే ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిథనాల్‌తో ఆ కొవ్వు ఆమ్లాలను కూడా ఎస్టర్లుగా మార్చి, ఆ తర్వాతే క్షారం జోలికి వెళ్లాలి. రెండు దశలు అంటే రెండింతల పని, అదనపు ఖర్చు.

దీన్నుంచి ఒక సంగతి తేలుతోంది. బయోడీజిల్ ఎలా వస్తుందన్నది కర్మాగారంలో కాదు, నూనె ఎక్కడి నుంచి తెచ్చామన్న దగ్గరే చాలావరకు నిర్ణయమైపోతుంది.

నూనె వేట

ఇప్పుడు పల్సానాకు తిరిగి వెళదాం. మీరు అక్కడ ఒక చిన్న బయోడీజిల్ కేంద్రం పెట్టాలనుకున్నారు. నూనె ఎవరి దగ్గర ఉంది? రహదారి ధాబాలు, మిల్లు క్యాంటీన్లు, గాంఠియా, ఫాఫడా వేయించే ఫర్సాణ్ దుకాణాలు, పెళ్లి భోజనాల వంటవాళ్లు, బజ్జీల బండ్లు. దసరా నాడు గుజరాత్ అంతా ఫాఫడా, జిలేబీ తింటుంది. ఆ వారంలో దొరికినంత నూనె మామూలు రోజుల్లో దొరకదు.

అన్ని నూనెలూ ఒకటి కాదు. ఫర్సాణ్ దుకాణపు నూనెలో శెనగపిండి మడ్డి ఎక్కువ. మాంసం, చేపలు వేయించిన నూనెలో జంతు కొవ్వు కలిసి, చలికి త్వరగా గడ్డకడుతుంది. పామోలిన్‌తో చేసిన బయోడీజిల్ కూడా సుమారు 15 డిగ్రీల దగ్గర మబ్బుపట్టినట్టవుతుంది. సూరత్‌లో జనవరి తెల్లవారుజామున ఆ ఉష్ణోగ్రత మామూలే. క్యాంటీన్ వాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లు కూడా అదే డబ్బాలో పోస్తారు. కొనేటప్పుడే పట్టుకోవడానికి తేలిక ఉపాయం, గరిటెడు నూనెను పొయ్యి మీద కాచి చూడటం. చిటపటలాడితే నీళ్లున్నట్టే.

పరిమాణం సంగతి చూద్దాం. ఇవి నేను ఊహగా తీసుకున్న అంకెలు, మీరు మీ ఊరి అంకెలు వేసుకోండి. ఒక బండి మూడు రోజులకు 15 కిలోల నూనె డబ్బా ఖర్చుపెడుతుంది. అంటే మనకు 15 కిలోలు దొరుకుతుందా? దొరకదు. నూనెలో ఎక్కువ భాగం బజ్జీలతోపాటు కడుపుల్లోకి వెళుతుంది. చివరికి కడాయిలో మిగిలేది ఏ రెండు లీటర్లో. వంద బండ్లు ఒప్పుకుంటే మూడు రోజులకోసారి 200 లీటర్లు. మడ్డి, నీరు పోగా 180. చర్యలో నష్టం పోగా 170 లీటర్ల బయోడీజిల్. లీటరుకు శక్తి డీజిల్ కంటే కాస్త తక్కువ కాబట్టి ఇది సుమారు 155 లీటర్ల డీజిల్‌కు సమానం.

సేకరణకు టెంపో 60 కిలోమీటర్లు తిరిగి 5 లీటర్ల డీజిల్ తాగిందనుకోండి. 155కు 5 పెద్ద లెక్క కాదు. కానీ వంద బండ్లలో పది మాత్రమే నూనె ఇచ్చి, తక్కినవాళ్లు 'ఒగాయన'కు అమ్ముకుంటే? అప్పుడు వచ్చే బయోడీజిల్ 17 లీటర్లు. టెంపో తిరిగే దారి అంతే, తాగే డీజిల్ అంతే. తెచ్చినదాంట్లో మూడోవంతు తేవడానికే సరి! ఈ పనిలో గెలుపోటములు మైళ్ల మీద కాదు, మైలుకు ఎన్ని లీటర్లన్న దాని మీద ఆధారపడతాయి.

ఇక ఆ 'ఒగాయన' సంగతి. వాడిన నూనెకు నాలుగు దారులున్నాయి. ఒకటి మురుగు కాలువ. లండన్‌లో 2017లో వైట్‌చాపెల్ వీధి కింద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ మురుగుగొట్టాన్ని మూసేసింది. రెండు, సబ్బు తయారీ. మూడు, బయోడీజిల్. నాలుగోది మళ్లీ కడాయి. నల్ల నూనెను వడపోసి, కొత్త నూనెలో కలిపి, ఇంకా చిన్న బండ్లకు చవకగా అమ్మడం. చైనాలో దీనికి 'మురుగు నూనె' అన్న పేరే స్థిరపడింది. 2014లో తైవాన్‌లో అలాంటి నూనె వందలాది ఆహార సంస్థల సరుకుల్లోకి చేరిందని బయటపడి పెద్ద దుమారం రేగింది.

ఈ నాలుగో దారి ఎందుకు మూసుకుపోదు? ఆలోచించండి. ఇంధనంగా వాడే నూనెకు ధరలో ఒక పైకప్పు ఉంది, అది డీజిల్ ధర. దాన్ని దాటి ఇస్తే తయారీదారు మునుగుతాడు. పైగా ఆ ధరలోంచే మిథనాల్, క్షారం, వేడి, రవాణా, కూలి అన్నీ వెళ్లాలి. ఆహారంగా తిరిగి అమ్మేవాడి పైకప్పు కొత్త వంటనూనె ధర. ఇటీవలి సంవత్సరాల్లో అది లీటరు వంద రూపాయలు దాటింది. వాడికి ఖర్చు ఒక గుడ్డ, ఒక గరాటు. కాబట్టి బజారులో ఎప్పుడూ వాడే ఎక్కువ ఇవ్వగలడు. ఆ నూనెలో వేగిన బజ్జీలు తినేది ఎవరు? రాత్రి షిఫ్టు దిగి, అయిదు పది రూపాయలకు కడుపు నింపుకునే మగ్గం కార్మికుడు, అతని పిల్లలు.

ఐరోపాలో దీనికి తలకిందులుగా మరో వింత జరిగింది. అక్కడ వాడిన నూనె నుంచి చేసిన ఇంధనానికి ప్రత్యేక ప్రోత్సాహకాలు ఉండటంతో, ఆసియా నుంచి వస్తున్న సరుకులో కొంత కొత్త పామాయిల్‌నే వాడిన నూనెగా చూపిస్తున్నారన్న అనుమానాలు బలంగా వచ్చాయి. ఇక్కడ పాతది కొత్తదవుతుంది, అక్కడ కొత్తది పాతదవుతుంది!

మన దేశం ఏం చేసింది?

మొదట్లో మనవాళ్లు చెట్ల మీద ఆశ పెట్టుకున్నారు. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ అడవి ఆముదం సాగును పెద్దఎత్తున చేపట్టి 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపవచ్చని చెప్పింది. 2004లో గుజరాత్‌లోని భావనగర్ ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ తయారుచేసిన అడవి ఆముదం బయోడీజిల్‌తో మెర్సిడెస్ కార్లు దేశమంతా తిరిగాయి. మన ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గ్రామంలో గిరిజన మహిళలు కానుగ నూనె తీసి, 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఆదాను 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. కాకినాడలో యూనివర్సల్ బయోఫ్యూయల్స్ సంస్థ 2008లో ఏటా లక్షన్నర టన్నుల సామర్థ్యంతో కర్మాగారం కట్టింది. కాని దేశం మొత్తం మీద చూస్తే అడవి ఆముదం తోటల్లో అనుకున్నన్ని గింజలు కాయలేదు. 20 శాతం లక్ష్యం కాగితం మీదే ఉండిపోయింది. కాకినాడ ఓడరేవు పక్కనే వంటనూనెల శుద్ధి కర్మాగారాలు ఉండటంతో అక్కడి కర్మాగారం పామ్ స్టియరిన్ వంటి వాటితో నెట్టుకొచ్చింది. ఆ కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నడవాలంటే రోజుకు దాదాపు నాలుగున్నర లక్షల లీటర్ల నూనె కావాలి. మన వంద బండ్లు ఇచ్చేది రోజుకు 67 లీటర్లు.

2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం కలపాలని సూచించింది. ముడిసరుకుల జాబితాలో వాడిన వంటనూనెకు చోటిచ్చింది. అదే ఏడాది ఆగస్టు 10న ఆహార భద్రతా సంస్థ 'రూకో' పేరుతో వాడిన నూనె సేకరణ కార్యక్రమం ప్రారంభించింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు, తయారీదారులు 2019 మార్చి 1 నుంచి లెక్కలు రాయాలని, వాడిన నూనెను అధీకృత సేకర్తలకే ఇవ్వాలని ఆదేశించింది. 2019 ఆగస్టు 10న ప్రభుత్వ రంగ చమురు సంస్థలు వంద నగరాల్లో వాడిన నూనెతో చేసిన బయోడీజిల్‌ను కొంటామని ముందుకొచ్చాయి. మొదటి సంవత్సరం లీటరుకు 51 రూపాయలు, తర్వాత 52.70, మూడో ఏట 54.50 అని ధర ప్రకటించాయి. ఆ పథకం కింద తొలి సరఫరా 2021 మే 4న ఢిల్లీలోని ఇండియన్ ఆయిల్ టిక్రీకలాన్ టెర్మినల్ నుంచి బయలుదేరింది.

అప్పటి ప్రభుత్వ అంచనా ఒకటి చూడండి. దేశంలో ఏటా 2,700 కోట్ల లీటర్ల వంటనూనె వాడుతున్నారు. పెద్ద వాడకందార్ల నుంచి 140 కోట్ల లీటర్ల వాడిన నూనె సేకరించవచ్చు. దాన్నుంచి 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ వస్తుంది. వాడిన నూనె మొత్తంలో అయిదు శాతమేనేమని, 140 నుంచి 110 మాత్రమే ఎందుకు వస్తుందని ఎవరైనా అడిగితే ఇప్పుడు మీరు జవాబు చెప్పగలరు.

ఈలోగా గుజరాత్‌లో మరో తలనొప్పి మొదలైంది. రహదారుల పక్కన చవకైన 'బయోడీజిల్' బంకులు వెలిశాయి. వాటిలో చాలాచోట్ల అమ్మింది ఎస్టర్లు కావు, పారిశ్రామిక నూనెలు, ద్రావకాలు కలిపిన సరుకు. 2020, 2021 సంవత్సరాల్లో పోలీసులు రాష్ట్రవ్యాప్తంగా దాడులు చేశారు. అసలు బయోడీజిల్‌కు ఐ.ఎస్. 15607 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఎస్టర్ 96.5 శాతానికి తగ్గకూడదు. నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు, మిథనాల్ 0.2 శాతం దాటకూడదు. ఆమ్ల సంఖ్య 0.5 లోపే ఉండాలి. వాసన చూసి, రంగు చూసి ఇవి తెలుసుకోలేం.

మిథనాల్ అంటే గుర్తొచ్చింది. ఇంట్లో, పెరట్లో ఈ ప్రయోగం చేయకండి. మిథనాల్ విషం. ఆవిరి పీల్చినా, చర్మం మీద పడినా హాని చేస్తుంది, దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనబడదు. 2022 జులైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో మిథనాల్ కలిపిన సారా తాగి 40 మందికి పైగా చనిపోయారు. పరిశ్రమకని తెచ్చింది దారి తప్పితే ఏమవుతుందో అక్కడ తెలిసింది. అందుకే మీరు నూనె సేకరణ, అంశమాపనం వరకే ఉండండి.

చిన్న బండ్లు ఎలా కలుస్తాయి?

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1994లో వాడిన నూనె బయోడీజిల్‌తో రెండు సిటీ బస్సులతో మొదలుపెట్టి, తర్వాత చాలా బస్సులకు విస్తరించింది. జపాన్‌లోని క్యోటో 1997 నుంచి చెత్తబండ్లను ఇదే ఇంధనంతో నడిపింది. అక్కడ ఇళ్లలోని నూనెను కూడా పేటల్లో పెట్టిన కేంద్రాల దగ్గర ఇచ్చేవారు. ఆ రెండు చోట్లా ఇంధనం కొనేది నగరమే, నూనె ఇచ్చేదీ నగరవాసులే. నమ్మకం కుదరడానికి అది కలిసొచ్చింది. ఇప్పుడు విమాన ఇంధనం వైపు కూడా ఈ నూనెకు గిరాకీ పుట్టింది. 2025 ఆగస్టులో పానిపట్ రిఫైనరీకి వాడిన వంటనూనె నుంచి విమాన ఇంధనం తయారీకి అంతర్జాతీయ ధ్రువీకరణ లభించింది. గిరాకీ పెరిగితే సేకర్త ఇచ్చే ధర కొంత పెరగవచ్చు.

అయితే పల్సానా బండి దగ్గర చిక్కు మిగిలే ఉంది. ఆమె రోజుకు 50 లీటర్లు వాడదు, అయిదు వాడుతుంది. లెక్కలు రాయాలన్న నిబంధన ఆమె దాకా రాదు. రెండు లీటర్ల కోసం అధీకృత సేకర్త టెంపో కూడా రాదు. చట్టం వదిలేసిన చోటికే, టెంపో రాని చోటికే 'ఒగాయన' డబ్బా పట్టుకుని వస్తాడు.

నాకు తోచిన మార్గం ఒకటి చెబుతాను, మీరు తప్పులు పట్టండి. మిల్లు క్యాంటీన్ పెద్ద వాడకందారు. దాని దగ్గర ఒక డ్రమ్ము ఎలాగూ ఉండాలి. గేటు ఎదుటి పదిమంది బండ్లవాళ్లు తమ రెండేసి లీటర్లు అక్కడే కొలిచి పోసి, అప్పటికప్పుడు డబ్బు తీసుకుంటే? టెంపో ఆగాల్సిన చోట్లు వంద నుంచి పదికి తగ్గుతాయి. మూడు రోజుల దారి ఖర్చు మిగులుతుంది. ఆ మిగులులో కొంత ధరలో కలిపితే 'ఒగాయన' ఇచ్చేదానికి దగ్గరగా రావచ్చు. ఎవరి నూనె అయినా పోసే ముందు చిటపట పరీక్ష, వారానికోసారి అంశమాపనం. ఈ రెండో పని పక్కనున్న పాఠశాల విద్యార్థులు చేయగలరు. బ్యూరెట్, ఫినాఫ్తలీన్ మీ ప్రయోగశాలలో ఉన్నాయి.

ఆ బండావిడకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని ఒక్కటే అడిగారు: "డ్రమ్ముకు తాళమేస్తరా సార్? చెవి ఎవలకాడ ఉంటది?"